ఉద్యోగ ప్రకటన నుంచి డిజిటల్ అరెస్టు దాకా: ఉత్తరాంధ్ర నేపథ్యంలో ఆన్‌లైన్ మోసాల నిర్మాణం, గుర్తింపు

వ్యాససంగ్రహం

ఆన్‌లైన్ మోసాలను సాధారణంగా రకాలవారీగా వివరిస్తుంటారు. ఆ రకాలు నెలనెలా మారుతుంటాయి గాని, వాటి వెనుక ఉన్న క్రమం అంతగా మారదు. 2024 మే నెలలో విశాఖపట్టణం పోలీసులు వెలుగులోకి తెచ్చిన కంబోడియా ఉదంతం ఈ క్రమాన్ని పరిశీలించడానికి తగిన ఆధారం. నిరుద్యోగ యువకుడిని విదేశానికి రప్పించిన ఎర, ఆ తరువాత అతడి గొంతుతోనే ఇక్కడి గృహస్థులకు వచ్చిన ఫోను కాల్ ఒకే పద్ధతిలో అల్లినవని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎచ్చెర్ల పరిసరాల వలస చరిత్రను, ప్రస్తుత చట్టాలను, బ్యాంకు నియమాలను ఇందుకు ఆధారాలుగా గ్రహించడం జరిగింది.

కీలకపదాలు: ఆన్‌లైన్ మోసం, సైబర్ బానిసత్వం, డిజిటల్ అరెస్టు, ఉత్తరాంధ్ర వలసలు, మేస్త్రీ, అద్దె ఖాతా, ఎచ్చెర్ల.

1. ప్రవేశిక

శ్రీకాకుళం పట్టణానికి దక్షిణంగా, జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న మండలకేంద్రం ఎచ్చెర్ల. 2008లో ఏర్పడిన డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శ్రీకాకుళం ప్రాంగణం కూడా ఈ మండలంలోనే నడుస్తోంది. మండలానికి తూర్పున సముద్రం, తీరం వెంట మత్స్యకార గ్రామాలు. ఒకవైపు పట్టాలు చేతబట్టుకొని ఏటా బయటికి వచ్చే యువత, మరొకవైపు వేటకోసం గుజరాత్‌లోని వీరావల్ వరకు వెళ్లే కుటుంబాలు. 2018లో వీరావల్ నుంచి బయలుదేరి పాకిస్తాన్ అధికారులకు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారులలో ఈ తీరానికి చెందినవారున్నారు. బయటి ఊరికి పోయి సంపాదించడం ఇక్కడ సాహసం కాదు, ఇంటింటా కనిపించే జీవనవిధానం.

ఆన్‌లైన్ మోసాల గురించి మాట్లాడేటప్పుడు ఈ నేపథ్యాన్ని పక్కన పెట్టడం పరిపాటి. మోసపోయినవానికి అత్యాశ ఎక్కువనో, చదువు తక్కువనో తేల్చేస్తారు. ఈ రెండు కారణాలూ నిలబడవు. కంబోడియాకు వెళ్లినవారిని ఎంపిక చేసుకున్నదే కంప్యూటర్ పరిజ్ఞానం ఉన్నందుకు. డిజిటల్ అరెస్టు పేరిట సొమ్ము పోగొట్టుకున్నవారిలో విశ్రాంత అధికారులు, వైద్యులు, ఆచార్యులు ఉన్నారు. కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు తెలిపిన లెక్క ప్రకారం సైబర్ మోసాలలో దేశప్రజలు కోల్పోయిన సొమ్ము 2023లో సుమారు 7,465 కోట్ల రూపాయలు. 2024లో అది సుమారు 22,845 కోట్లకు చేరింది. ఒక్క ఏడాదిలో ఇది మూడింతలు దాటింది. దేశప్రజల అత్యాశ ఒక్క ఏడాదిలో మూడింతలు పెరిగిందనడం హాస్యాస్పదం. పెరిగింది మోసగించే యంత్రాంగం.

2. కంబోడియా ఉదంతం

2024 మే 18న విశాఖపట్టణం నగర పోలీసులు ఒక మానవ అక్రమ రవాణా ముఠాను పట్టుకున్నట్లు ప్రకటించారు. వారు వెల్లడించిన వివరాల సారాంశం ఇది. డేటా ఎంట్రీ ఉద్యోగమని, మంచి జీతమని చెప్పి, మనిషికి సుమారు లక్షన్నర రూపాయలు వసూలు చేసి, యువకులను పర్యాటక వీసాలపై బ్యాంకాక్, సింగపూర్ల మీదుగా కంబోడియాకు పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాగేసుకొని, చైనీయులు నడిపే సంస్థలకు డాలర్ల లెక్కన అప్పగించారు. ఎదురు తిరిగినవారిని గదులలో బంధించారు, హింసించారు. లొంగినవారికి కొరియర్ పార్సిల్ మోసం, షేర్ మార్కెట్ మోసం, టాస్కుల మోసం వంటివాటిలో తర్ఫీదునిచ్చి, భారతీయులకే ఫోన్లు చేయించారు. బాధితులలో విశాఖ ప్రాంతంవారితో పాటు శ్రీకాకుళం, పలాస ప్రాంతాలవారు కూడా ఉన్నారు.

ఈ ప్రకటన వెలువడిన రెండు రోజులకు, మే 20న, సిహనూక్‌విల్ నగరంలోని ఒక ఆవరణలో దాదాపు మూడు వందల మంది భారతీయులు తిరుగుబాటు చేశారు. ఆ దృశ్యాలు సెల్‌ఫోన్లలో ఇక్కడికి చేరాయి. ఆ వారంలోనే అరవైమందితో కూడిన తొలి బృందం స్వదేశానికి తిరుగుముఖం పట్టినట్లు నాంఫెన్‌లోని భారత రాయబార కార్యాలయం తెలిపింది.

ఇది ఒక ఊరి ఏజెంటు చేసిన మోసం మాత్రమే కాదు. ఆన్‌లైన్ మోసాలలో బలవంతంగా పనిచేస్తున్నవారు కంబోడియాలో సుమారు లక్షమంది, మయన్మార్‌లో కనీసం లక్షా ఇరవైవేలమంది ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది. 2025 మార్చి 10న మయన్మార్ ఆవరణల నుంచి బయటపడిన 283 మంది భారతీయులను థాయిలాండ్‌లోని మే సాట్ నుంచి వాయుసేన విమానంలో తీసుకువచ్చారు. అదే ఏడాది అక్టోబరులో కంబోడియా కేంద్రంగా ఉన్న ప్రిన్స్ గ్రూపుపై అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలు ఇవే ఆరోపణలతో ఆంక్షలు విధించాయి. ఎచ్చెర్లలో ఒక ఉపాధ్యాయునికి వచ్చిన కాల్ వెనుక ఇంత పెద్ద పరిశ్రమ ఉండవచ్చునన్న ఊహ మనకు సులభంగా కలగదు. గదిలో ఒంటరిగా కూర్చొని మాయమాటలు చెప్పే కేటుగాణ్ణే మనం ఊహిస్తాం. వాస్తవంలో అక్కడ పాళీలున్నాయి, లక్ష్యాలున్నాయి, చదివి వినిపించడానికి రాసిపెట్టిన సంభాషణలున్నాయి.

3. మేస్త్రీ నుంచి ఏజెంటు దాకా

ఉత్తరాంధ్రకు ఈ అనుభవం పూర్తిగా కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశకాల నుంచి నాటి గంజాం, విశాఖపట్టణం, గోదావరి జిల్లాల కూలీలు ఓడలెక్కి రంగూనుకు వెళ్లారు. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. ఈ వలసను నడిపినవాడు మేస్త్రీ. ఊరిలో బయానా ఇచ్చి, ఓడఖర్చు భరించి, ఆ బాకీ తీరేవరకు కూలీని తన చేతికింద ఉంచుకొనేవాడు. జీతం మేస్త్రీ చేతిమీదుగానే వచ్చేది. అందులో ఎంత తగ్గిందో కూలీకి తెలిసేది కాదు.

ముందుగా పుట్టించిన అప్పు, భాష తెలియని నేల, తిరిగివచ్చే దారి మరొకరి చేతిలో ఉండటం అనే మూడు అంశాలూ నూరేళ్ల తరువాత కంబోడియా ఆవరణలో యథాతథంగా కనిపిస్తాయి. అయితే ఒక భేదముంది. మేస్త్రీ దోపిడీ చేసినా అతడి ఇల్లు, బంధువర్గం ఊరివారికి తెలుసు. మాట తప్పితే అతడి తండ్రిని రచ్చబండ దగ్గర నిలదీయగలిగేవారు. నేటి ఏజెంటుకు కూడా ఆ పాత నమ్మకమే పెట్టుబడి. అతడు ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడతాడు, ఫలానా ఊరి కుర్రవాణ్ణి పంపానంటాడు. ‘మనోడే’ అన్న ఒక్క మాటతో సగం పరిశీలన ఆగిపోతుంది. కాని అతడి పైన ఉన్న మరో ఏజెంటు ఎవరో, ఆ పైన సొమ్ము అందుకొనేది ఎవరో అతడికీ తెలియకపోవచ్చు. ఊరిలో నిలదీయడానికి దొరికేది గొలుసులో చివరి కొస మాత్రమే.

చట్టం ఇక్కడ ఎంతవరకు అడ్డుపడుతుంది? 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేసే ఏజెంటు కేంద్రప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. అతడు తీసుకోదగిన సేవారుసుము ముప్పైవేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. లక్షన్నర అడిగిన క్షణంలోనే అది చట్టవిరుద్ధమైన లావాదేవీ అన్నమాట. కాని వలస అనుమతి తప్పనిసరిగా తీసుకోవలసిన 18 దేశాల జాబితాలో కంబోడియా లేదు. పైగా పదో తరగతి ఉత్తీర్ణులైనవారి పాస్‌పోర్టుకు ఆ అనుమతి అవసరం ఉండదు. నిరక్షరాస్యుడైన కూలీకి గల్ఫ్ ప్రయాణంలో ఎదురయ్యే తనిఖీ, పట్టభద్రుడికి కంబోడియా ప్రయాణంలో ఎదురుకాదు. చదువుకున్నవాడు తనను తాను కాపాడుకోగలడన్న ఊహతో చేసిన ఏర్పాటు ఇది. మోసగాళ్లు సరిగ్గా ఆ సందులోంచే ప్రవేశించారు.

4. కాల్ నిర్మాణం

ఇప్పుడు ఫోను అందుకొనేవారి వైపు చూద్దాం. మీ పేరిట పంపిన పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయని, మీ ఆధార్‌తో తెరచిన ఖాతాలో హవాలా సొమ్ము జమ అయిందని కాల్ వస్తుంది. దానిని ‘పోలీసు అధికారి’కి కలుపుతారు. వీడియోలో యూనిఫాం, వెనుక గోడపై రాజముద్ర, వాట్సాప్‌లో సుప్రీంకోర్టు పేరిట ఉత్తర్వు. గది తలుపు వేసుకోమంటారు. కాల్ ఆపవద్దంటారు. దర్యాప్తు రహస్యం గనుక భార్యకైనా, కొడుక్కైనా చెప్పకూడదంటారు. చివరగా, మీ సొమ్ము సక్రమమైనదో కాదో పరిశీలించడానికి ఫలానా ఖాతాకు బదిలీ చేయమని, పరిశీలన కాగానే తిరిగివస్తుందని చెబుతారు.

దీనిని కుర్రవానికి వచ్చిన ఉద్యోగావకాశం పక్కన పెట్టి చూస్తే పోలిక తెలుస్తుంది. ఒకరికి ఆశ, మరొకరికి భయం. మిగిలిన క్రమమంతా ఒకటే. రెండు చోట్లా మొదట పలకరించింది అవతలివారే. ఖాళీలు నాలుగే ఉన్నాయి, రేపటికల్లా డబ్బు కట్టాలన్న తొందర ఒకచోట. గంటలో వారంటు జారీ అవుతుందన్న తొందర మరొకచోట. వీసా వచ్చేవరకు ఎవరికీ చెప్పవద్దు, దిష్టి తగులుతుందన్న గోప్యత ఒకచోట. దర్యాప్తు గోప్యత మరొకచోట. చిట్టచివర ఇద్దరూ ఒక వ్యక్తి పేరిట ఉన్న ఖాతాకు సొమ్ము పంపుతారు. ఈ నాలుగింటిలో అతి ప్రమాదకరమైనది మూడోది, అంటే బాధితుణ్ణి తనవారి నుంచి వేరుచేయడం. పక్కన మరొక మనిషి కూర్చొని వింటే ఈ కాల్స్‌లో చాలావరకు పది నిమిషాలు కూడా సాగవు. అందుకే తలుపు వేయించడం మీద అంత పట్టుదల.

పెట్టుబడి మోసంలో తొందర ఆలస్యంగా వస్తుంది. వారాల తరబడి స్నేహంగా మాట్లాడతారు, వాట్సాప్, టెలిగ్రామ్ బృందాలలో ఇతరుల లాభాలు చూపిస్తారు, ఐదువేలు పెట్టినవానికి ఆరువేలు నిజంగానే తిరిగి ఇస్తారు. ఆ వెయ్యి రూపాయలు గాలానికి గుచ్చిన ఎర. తరువాత యాప్‌లో కనిపించే లక్షలు కేవలం తెరమీది అంకెలు. వాటిని తీసుకోబోతే పన్ను కట్టాలంటారు. చైనీస్‌లో దీనికి పందిని మేపి కోయడం అనే అర్థమిచ్చే పేరుంది. బాధితులను అవమానించే ఆ పేరును వాడవద్దని ఇంటర్‌పోల్ 2024 డిసెంబరులో కోరింది. ఆ సూచన సమంజసమే. ఎవరూ తమను పందితో పోల్చే పేరున్న నేరం గురించి పోలీసుస్టేషనులో చెప్పుకోవడానికి ఇష్టపడరు.

వీడియోలను లైక్ చేస్తే నూటయాభై ఇస్తామనే టాస్కుల మోసం దీనికి చిన్నరూపం. వసతిగృహ విద్యార్థులకు తగిలేది ఎక్కువగా ఇదే.

రకం ఏదైనా పట్టిచూడవలసింది సొమ్ము వెళ్లే దిశ. మనకు ఇవ్వవలసినవాడు మనల్నే ముందుగా అడుగుతున్నాడా? జీతమిచ్చేవాడు శిక్షణరుసుము, అప్పిచ్చేవాడు బీమారుసుము, బహుమతి ఇచ్చేవాడు జీఎస్టీ, లాభం ఇచ్చేవాడు ఆదాయపుపన్ను అడుగుతున్నారంటే సంభాషణను అక్కడే ముగించవచ్చు. యు.పి.ఐ.లో కూడా ఇదే సూత్రం. సొమ్ము అందుకోవడానికి పిన్ కొట్టవలసిన అవసరం ఎప్పుడూ లేదు. పిన్ కొట్టామంటే పంపుతున్నామనే అర్థం.

5. భాష ఇచ్చే సాక్ష్యం

కొన్నేళ్ల క్రితం వరకు మోసపు సందేశాన్ని దాని భాషే పట్టించేది. యంత్రానువాదపు తెలుగు, పొంతనలేని విభక్తులు, పరాయి ఉచ్చారణ చూసి అనుమానించమని చెప్పేవారం. ఆ పరీక్ష ఇప్పుడు పనిచేయదు. తెలుగువారికి ఫోను చేయడానికి తెలుగు పుట్టుభాషగా ఉన్నవారినే తీసుకుపోతున్నప్పుడు భాషాదోషం ఎక్కడ దొరుకుతుంది? గొంతును అనుకరించే కృత్రిమ మేధ పరికరాలు రావడంతో, పరిచితమైన గొంతు కూడా ప్రమాణం కాకుండా పోయింది. కొడుకు గొంతుతో ప్రమాదం జరిగిందని కాల్ వస్తే, దానిని ముగించి, మనవద్ద ఉన్న నంబరుకు మనమే తిరిగి చేయడం ఒక్కటే దారి.

అయితే భాష మరొక విధంగా సాక్ష్యమిస్తుంది. పదజాలాన్ని గమనించాలి. ‘డిజిటల్ అరెస్టు’ అన్న పదబంధం భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఎక్కడా లేదు. వీడియో కాల్‌లో నిర్బంధించే అధికారం ఏ సంస్థకూ లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27 నాటి మన్ కీ బాత్‌లో స్పష్టం చేశారు. హాజరు కావాలని పోలీసులిచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. తన పేరిటే నకిలీ ఉత్తర్వులు సృష్టించి వృద్ధ దంపతులను దోచుకున్న ఉదంతాన్ని అదే న్యాయస్థానం 2025 అక్టోబరులో స్వయంగా విచారణకు స్వీకరించి, డిసెంబరులో దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. చట్టంలో లేని మాటను చట్టం పేరిట పలుకుతున్నవాడు పోలీసు కాడు. ‘రిజర్వు బ్యాంకు భద్రతా ఖాతా’, ‘నిధుల శుద్ధి ధ్రువపత్రం’ వంటి మాటలు కూడా ఈ కోవకే చెందుతాయి. పాలనావ్యవహారాలలో ఆంగ్లం వినగానే తలవంచే అలవాటు మనలో పాతుకుపోయి ఉండటం ఇక్కడ మోసగానికి కలిసివస్తోంది. ‘మీరు చెప్పింది తెలుగులో రాసి, స్టేషను ముద్రతో ఇంటికి పంపండి’ అనే హక్కు పౌరునికి ఉంది.

వెబ్‌సైటు పేరునూ ఇదే దృష్టితో చదవాలి. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు 2025 అక్టోబరు చివరికి బ్యాంకులు తమ చిరునామాలను ‘బ్యాంక్.ఇన్’తో ముగిసేలా మార్చుకోవలసి వచ్చింది. పేరులో బ్యాంకు ఎక్కడో మధ్యన ఉండి, చివర మరేదో ఉంటే అది అనుమానాస్పదమే. వాట్సాప్‌లో పెళ్లి ఆహ్వానంగానో, చలానాగానో వచ్చే ఏ.పి.కె. ఫైలును తెరవకపోవడం మరింత ముఖ్యం. అది పత్రం కాదు, ఫోనులో చేరి సందేశాలను చదవగల యాప్.

6. పోయిన తరువాత, పోకముందు

సొమ్ము పోయిన తరువాత అన్నిటికంటె విలువైనది సమయం. ఫిర్యాదుకు కేంద్రప్రభుత్వ సహాయసంఖ్య 1930. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ వెబ్‌సైటులోనూ నమోదు చేయవచ్చు. ఈ సమాచారం అందగానే సొమ్ము చేరిన ఖాతాలో దానిని నిలుపుదల చేయడానికి బ్యాంకులను, పోలీసులను కలిపే వ్యవస్థ 2021 నుంచి పనిచేస్తోంది. మోసగాళ్లు సొమ్మును నిమిషాలలో అనేక ఖాతాలకు చీలుస్తారు. రాత్రి జరిగినదానిని ఉదయం కొడుకు వచ్చాక చెబుదామనుకుంటే నిలపడానికి ఖాతాలలో ఏమీ మిగలదు.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఆదేశం చాలామందికి తెలియదు. బ్యాంకు తప్పిదం గాని, ఖాతాదారు తప్పిదం గాని కాకుండా మూడో పక్షం వల్ల అనధికార లావాదేవీ జరిగితే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాలలో తెలియజేసిన ఖాతాదారుకు ఎలాంటి నష్టబాధ్యత ఉండదు. ఓ.టి.పి., పిన్ వంటివి తానే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకు జరిగిన నష్టం అతడిదే. తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. అంటే తప్పు తనదే అయినా వెంటనే చెప్పడం వల్ల ప్రయోజనముంది. పోలీసు పరిధి సమస్య కూడా కాదు. కొత్త సంహితలోని 173వ విభాగం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారమివ్వవచ్చు. ఎలక్ట్రానిక్ రూపంలో పంపితే మూడు రోజులలో సంతకం చేయాలి.

విదేశీ ఉద్యోగం విషయంలో పరిశీలన పోకముందే జరగాలి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదై ఉందా? చేతికిచ్చినది ఉద్యోగ వీసానా, పర్యాటక వీసానా? పర్యాటక వీసాపై వెళ్లి అక్కడ మార్చుకోవచ్చునన్న మాట వినగానే ప్రయాణం మానుకోవాలి. ఉద్యోగమిచ్చే సంస్థ చిరునామాను ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి పంపి విచారించడానికి ఒక ఈమెయిల్ చాలు. తిరిగివచ్చిన కుర్రవాళ్ల పట్ల ఊరు చూసే చూపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇష్టపడి వెళ్లాడు గదా అనే నిందకు చట్టంలో చోటు లేదు. భారతీయ న్యాయసంహిత 143వ విభాగం ప్రకారం అక్రమ రవాణా నేరాన్ని నిర్ణయించడంలో బాధితుడి సమ్మతికి ప్రాధాన్యం లేదు.

ఖాతాను అద్దెకిచ్చినవాని పరిస్థితి ఇందుకు భిన్నం. దోచిన సొమ్ము చేరడానికి ఎవరో ఒకరి అసలైన ఖాతా కావాలి. విద్యార్థుల ఖాతాలు ఇందుకు అనువుగా దొరుకుతాయి. ఒక నెల ఖాతా వాడుకోనిస్తే ఐదువేలో, పదివేలో ఇస్తామంటారు, పాస్‌బుక్కు, ఏ.టి.ఎం. కార్డు, సిమ్ము తీసుకుంటారు. ఇచ్చినవాడు ఎవరికీ ఫోను చేయలేదు, ఎవరినీ బెదిరించలేదు. అయినా బాధితుడు 1930కి చెప్పగానే దర్యాప్తులో మొదట బయటపడేది అతడి పేరే. ఉపకారవేతనం జమ అయ్యేదీ, తండ్రి ఫీజు పంపేదీ ఆ ఖాతాకే అయితే అదీ స్తంభిస్తుంది. ఫిర్యాదు రాజస్థాన్‌లోనో, గుజరాత్‌లోనో నమోదై ఉంటే, దానిని విడిపించుకోవడానికి అతడు సంప్రదించవలసింది ఎచ్చెర్ల పోలీసులను కాదు, ఆ రాష్ట్రపు దర్యాప్తు అధికారిని.